వెనక సీట్లో మా రమ: బుకిట్ పాంజాంగ్ నుంచి ఫేబర్ కొండ దాకా టాండెమ్ మీద

పోయిన శనివారం నుంచి నాకు కాలు నేల మీద నిలవడం లేదు. లిఫ్టులో ఎవరు కనిపించినా చెబుతున్నాను. కింద కాఫీ షాపులో టీ కలిపే ఆయనకైతే రెండుసార్లు చెప్పాను. ఇప్పుడు మీకు రాస్తున్నాను. కానీ ముందే ఒక మాట. ఈ ప్రయాణం సంతోషంగా మొదలవలేదు, దారిలో చాలాసేపు సంతోషంగా సాగలేదు కూడా. ఆ భాగం దాచేసి మంచి మాటలే రాస్తే, చూపు లేని మనిషిని వెనక కూర్చోబెట్టుకుని టాండెమ్ తొక్కాలనుకునేవాళ్ళకి నా రాత ఎందుకూ పనికిరాదు. టాండెమ్ అంటే ఇద్దరు ముందూ వెనకా కూర్చుని, ఇద్దరూ తొక్కే పొడుగాటి సైకిలు.

మా అమ్మాయి రమకి ముప్పై ఎనిమిదేళ్ళు. ఇక్కడ సింగపూరులోనే, జురాంగ్ ఐలాండ్‌లో ఇంజనీరుగా పనిచేసేది. కంటి వెనక పొర మెల్లగా ఎండిపోయే జబ్బు వచ్చింది. ఏళ్ళ తరబడి చూపు గొట్టంలోంచి చూసినట్టు ఇరుకై ఇరుకై, పోయిన ఏడాది ఆ గొట్టం కూడా మూసుకుపోయింది. ఇప్పుడు వెలుగుకీ చీకటికీ తేడా మాత్రం తెలుస్తుంది. ఉద్యోగం వదిలేసింది. మా ఆవిడ పోయాక నేను రమ దగ్గరే, టోవా పాయోలో పద్నాలుగో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాను కాబట్టి అంతా నా కళ్ళ ముందే జరిగింది. ఆస్పత్రికి తప్ప కిందికి దిగడం మానేసింది. వంటింటి కిటికీ దగ్గర గంటల తరబడి నిలబడేది. ఒకరోజు మా అల్లుడు శేఖర్ డ్యూటీ నుంచి వస్తూ ఒక చిన్న తాళం కొనుక్కొచ్చి ఆ కిటికీ గ్రిల్లుకి వేశాడు. ఎందుకని నేను అడగలేదు. రమా అడగలేదు. తాళం పడిన చప్పుడు తనకి వినిపించిందని మాత్రం నాకు తెలుసు.

చూపున్న రోజుల్లో రమకి సైకిలంటే పిచ్చి. ఆల్ప్స్ కొండల్లో, ఇటలీ వైపు, ఒక లోయ ఉందట. ఎత్తున సరస్సు దగ్గర బయల్దేరి అడిజే నది వెంబడి, యాపిల్ తోటల మధ్య నుంచి, పక్క కొండలు ఎక్కుతూ దిగుతూ వారం రోజులు తొక్కొచ్చట. ఎప్పటికైనా అక్కడికి వెళ్ళాలని అనుకునేది. చూపు లేనివాళ్ళని టాండెమ్‌ల మీద ఆ లోయలో తిప్పే సంఘం ఒకటుందని శేఖర్ కనిపెట్టాడు. ముందు సీటు మనిషిని మనం తీసుకెళ్ళొచ్చు, లేదంటే వాళ్ళే ఇస్తారు. ప్రయాణం జూన్‌లో. వచ్చేదీ రానిదీ పోయిన ఆదివారంలోగా చెప్పాలి. రమ రానంది. "ముందు నేను కూర్చుంటానమ్మా. ఇక్కడే ఒకరోజు తొక్కి చూద్దాం. అప్పటికీ వద్దంటే ఇక ఆ మాటెత్తను" అన్నాను. నా పోరు పడలేక సరేనంది. యాపిల్ తోటలు నాకెందుకండీ! మా అమ్మాయి రేపటి గురించి ఒక్క మాట మాట్లాడితే చాలనిపించింది.

సింగపూరులో లోయ ఎక్కడిది అంటారేమో. బుకిట్ తీమా కొండకీ ఇటు పక్క గుట్టలకీ మధ్య ఒకప్పుడు మలేషియా రైలు నడిచేది. పట్టాలు తీసేసి, ఆ దారిని నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వదిలారు. రైల్ కారిడార్ అంటారు. నేను రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసినవాణ్ణి. కొత్తవలస నుంచి అరకు మీదుగా పోయే ఘాట్ లైను మీద పట్టాలు సరిచేస్తూ బతికాను. రైలు దారికి ఎక్కుడు మెల్లగా ఉంటుంది, రమకి భయం ఉండదు అనుకున్నాను. బుకిట్ పాంజాంగ్ దగ్గర మొదలుపెట్టి దక్షిణం చివరిదాకా పదహారు కిలోమీటర్ల చిల్లర, ఆపైన ఫేబర్ కొండ. కొండ ఎక్కగలమో లేదో తేలాలి కదా!

ఏడున్నరకి ఇంట్లోంచి బయల్దేరాం. గుమ్మం దగ్గర తొమ్మిదేళ్ళ మనవరాలు చిన్ని నన్ను పక్కకి లాగి, "తాతా, డోంట్ టాక్ సో మచ్ లా. మమ్మీకి కోపం వస్తుంది" అంది ఇక్కడి ఇంగ్లీషు యాసలో. నేను నవ్వేశాను. టోవా పాయోలో మెట్రో రైలు ఎర్ర లైను ఎక్కి, న్యూటన్ దగ్గర నీలం లైనుకి మారితే బుకిట్ పాంజాంగ్‌కి ముప్పావు గంట. మనిషికి రెండు డాలర్లు దాటదు. దారి పొడవునా రమ నా మోచెయ్యి పట్టుకునే ఉంది.

అక్కడ టాండెమ్ అద్దెకిచ్చే చైనీస్ అంకుల్‌తో ముందే ఫోన్లో మాట్లాడుకున్నాం. రోజంతటికీ యాభై డాలర్లు. సాయంత్రం ఫేబర్ కొండ దగ్గరికి వ్యాను తెచ్చి సైకిలు పట్టుకెళ్ళడానికి ఇంకో ముప్పై. నన్ను పైనుంచి కిందికి చూసి, "హౌ ఓల్డ్, అంకుల్?" అన్నాడు.

"సిక్స్‌టీ నైన్."

"వా! ఐ ఆల్సో సిక్స్‌టీ నైన్. మై సన్ డోంట్ లెట్ మీ టచ్ దిస్ వన్ లా!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన రమ చెయ్యి పట్టుకుని హ్యాండిల్ నుంచి వెనక చక్రం దాకా సైకిలంతా తడిమించాడు. తర్వాత నాకు పాఠం చెప్పాడు. ఇద్దరి పెడళ్ళకీ లంకె ఉంది, ఒకరు తొక్కితే ఇద్దరివీ తిరుగుతాయి, ఒకరు ఆపితే ఇద్దరివీ ఆగుతాయి, చెప్పకుండా ఆపొద్దు అన్నాడు. తలూపాను. యాభై ఏళ్ళుగా సైకిలు తొక్కుతున్నవాడికి కొత్తగా చెప్పేదేముందిలే అనుకుని ఆ మాట అక్కడే వదిలేశాను.

దారి బాగుంది. సన్న కంకర వేసి గట్టిగా చదును చేసిన నేల, రెండు పక్కలా చెట్లు. నా ఆనందం చూడాలి! మా అమ్మాయి ఇంట్లోంచి బయటికొచ్చింది, నా వెనక కూర్చుని తొక్కుతోంది, ఇంకేం కావాలి? నోరు ఆగలేదు. ఎర్ర పువ్వులమ్మా, పచ్చ పిట్టమ్మా, అదిగో డబ్బున్నవాళ్ళ అపార్టుమెంట్లు, ఎంతెత్తు కట్టారో కొత్త కండో, అటు కొండ, ఇటు కొండ, అచ్చం మన అనంతగిరి దగ్గర లైను దిగినట్టే ఉందమ్మా అంటూ ఊదరగొట్టేశాను. వెనక నుంచి ఊ అని కూడా రావడం లేదు. అయినా ఆగలేదు. హిల్‌వ్యూ దాటాక ఒకచోట దారి పల్లంలోకి దిగింది. ఘాట్‌లో పల్లం వస్తే కాళ్ళు ఆపేసి సైకిలుని దాని మానాన వదిలేయడం నాకు కుర్రతనం నుంచీ అలవాటు. అదే చేశాను. తన కాళ్ళ కింద పెడళ్ళు ఉన్నట్టుండి బిగుసుకుపోయేసరికి రమ గాభరాపడి ఒక పక్కకి ఒరిగింది. సైకిలు, నేను, తను ముగ్గురం కంకరలో పడ్డాం.

"దెబ్బ తగిలిందామ్మా?"

"ఏమైంది నాన్నా? దేనికి గుద్దావు?"

"దేనికీ లేదమ్మా. పల్లం కదా, ఊరికే కాళ్ళు ఆపాను."

రమ అరచెయ్యి చీరుకుపోయింది. సీసాలో నీళ్ళతో కడుగుతుంటే చెయ్యి లాగేసుకుంది. "పల్లమని నాకెలా తెలుస్తుంది? ఇందాకటి నుంచీ వాగుతూనే ఉన్నావు కదా. పువ్వులు, పిట్టలు, ఎవడో కట్టిన కండో. పల్లం అని ఒక్క మాట అన్నావా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అవన్నీ నేనిక చూడను నాన్నా. చూడనని నాకు రోజూ ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉంటారు. ఇంకాస్త గట్టిగా పడి ఉన్నా బాగుండేది. పద, ఇంటికి పోదాం" అంది.

సైకిలు లేపి నిలబెట్టాను. ఇంటికి పోదామన్నా వెంటనే పోలేం, ఈ దారి నుంచి ఎక్కడ పడితే అక్కడ రోడ్డుకి ఎక్కడానికి ఉండదు. ఈలోగా ఉరుము. డిసెంబరులో ఇక్కడ ఉరిమిందంటే పది నిమిషాల్లో కుండపోత. నేను హ్యాండిల్, తను వెనక సీటు పట్టుకుని తోసుకుంటూ ఒక పెద్ద రోడ్డు వంతెన కిందికి చేరేసరికి ఇద్దరం తడిసి ముద్దయ్యాం.

అక్కడ నారింజ రంగు చొక్కా వేసుకున్న పనివాడొకడు టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మా మాటలు విని లేచి నిలబడ్డాడు.

"తెలుగోలేటండి?"

"అవును బాబూ. మాది ఎస్.కోట."

"ఓర్నాయనా! మాది పలాస దగ్గరండి. సింహాచలం నా పేరు. ఇక్కడ కాలవ పనిలో ఉన్నాను." రమని చూశాడు, సైకిలుని చూశాడు. "అమ్మకి సూపు నేదేటి?"

నాకు ఒళ్ళు మండింది. ఇలా మొహం మీద అడుగుతారా? కానీ రమే జవాబు చెప్పింది. "లేదు."

"మొత్తానికా?"

"మొత్తానికే."

అయ్యో అనలేదు ఆ మనిషి. "మరి ఎనక కూకుని ఏటి సేత్తారు? ఊరికే కూకుంటారా?"

"నేనూ తొక్కుతాను. పెడళ్ళు రెండూ కలిసే తిరుగుతాయి."

"అయితే ముందున్నాయన దొంగాటాడితే మీకు తెలిసిపోద్దన్నమాట!"

"తెలుస్తుంది. బయల్దేరినప్పటి నుంచీ ఎడమ కాలితో సగమే తొక్కుతున్నాడు" అంది రమ.

సింహాచలం పగలబడి నవ్వాడు. ఎన్నో నెలల తర్వాత రమ వేసిన మొదటి జోకు అది. నాకూ నవ్వాలనే ఉంది. కానీ చెయ్యి ఎడమ మోకాలి మీదికి పోయింది. ఆ మోకాలి నొప్పి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాను. "అదేం లేదమ్మా" అన్నాను.

వాన తగ్గలేదు. సింహాచలం తన డబ్బాలోంచి చెరో అప్పడం ముక్క పెట్టి కబుర్లు చెప్పాడు. అతని గదిలో ఉండే కుర్రవాడొకడు నిచ్చెన మీద నుంచి పడ్డాడట. బతికాడు గానీ నడుం కింద చచ్చుబడిపోయిందట. ఇంటికి పంపేశారట. "మంచం మీదే ఉన్నాడమ్మా. పొద్దల్లా ఫోన్లు. ఏ పైపేసారు, ఏ మిసను తెచ్చారు, అన్నీ కావాల ఆడికి. మాకు ఇసుగొచ్చేత్తాది."

రమ చేతిలోని అప్పడం ముక్క తినేసింది. తర్వాత, "విసుక్కోకండి. అడిగిందంతా చెప్పండి అతనికి" అంది. నా వైపు తిరిగింది. "నాన్నా, నాకు మాత్రం అడిగిందే చెప్పు. ఎత్తు, పల్లం, గొయ్యి, ఆపుతున్నాను. ఈ నాలుగే. వాన తగ్గాక పోదాం."

"ఇంటికా?"

"ముందుకే."

ఆ నాలుగు మాటలు విన్నాక మా గ్యాంగు గుర్తొచ్చింది. పది మందిమి ఒక పట్టా ఎత్తేటప్పుడు మేస్త్రీ పాటలు పాడడు, కొండలు చూపించడు. ఎత్తు అంటాడు, జరుపు అంటాడు, దించు అంటాడు. ఆ మాట మీదే అందరి వేళ్ళూ భద్రం. అంతకాలం చేసిన పని అది. సైకిలెక్కగానే ఎలా మరిచిపోయానో!

వాన వెలిశాక తొక్కాం. "గొయ్యి." "పల్లం, ఆపుతున్నాను." "ఎత్తు." మధ్యలో పెదాలు బిగబట్టుకున్నాను. ఎంత కష్టమో నాకే తెలుసు, చెట్ల మీద నుంచి ఏవేవో ఎగురుతున్నాయి! పాత స్టేషను పక్కనున్న ఇనప వంతెన మీద సైకిలు దిగి తోసుకుపోవాలి. అక్కడ కొంత ముక్క పట్టాలు అలాగే ఉంచారు. రమ బూటు అంచుతో తాకి చూసింది.

"పట్టాయేనా?"

"పట్టాయే."

"నువ్వు పనిచేసిన లైనూ ఇలాగే ఉండేదా?"

"దీనికన్నా వెడల్పు" అని నోరు మూసుకున్నాను.

"ఇది నేనడిగాను నాన్నా. ఇంకా చెప్పొచ్చు" అంది. చెప్పానండీ! వంతెన దాటేదాకా చెప్పాను.

బువోనా విస్టా చేరేసరికి ఒంటిగంటన్నర. దగ్గర్లోని హాకర్ సెంటర్‌లో, అంటే తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల ఆపుకుని, తమిళావిడ దగ్గర దోసెలు, టీ తెచ్చాను. ఇద్దరికీ పది డాలర్లలోపే అయింది. అంతా సర్దుకుందని నేను మురిసిపోతుండగానే రమ చెయ్యి తగిలి టీ ఒలికింది, పక్క బల్ల ఆయన ప్యాంటు మీద పడింది. ఆయన "కళ్ళు లేవా" అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో కసిరాడు. మరుక్షణం రమ మొహం చూసి వరసపెట్టి సారీలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ తిట్టు కంటే ఆ సారీలు ఘోరంగా ఉన్నాయి. చుట్టూ అందరూ చూస్తున్నారు. రమ దోసె ముక్క పళ్ళెంలో వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ ఆ కిటికీ దగ్గరి మొహమే. కొట్టు ఆవిడ గుడ్డ తెచ్చి బల్ల తుడిచి, "పరవాయిల్లమ్మా" అంటూ ఇంకో టీ పెట్టి, నా ముందు చెయ్యి చాపింది. డబ్బులిచ్చాను.

"ఎంత తీసుకుంది?" అంది రమ.

"ఒకటిన్నర. మామూలు రేటే."

"మంచిది. ఊరికే ఇచ్చి ఉంటే లేచి వెళ్ళిపోయేదాన్ని." టీ తాగింది.

అక్కడి నుంచి దక్షిణం వైపు దారి దాదాపు చదును. నాలుగయ్యేసరికి ఫేబర్ కొండ మొదట్లో ఉన్నాం. వంద మీటర్ల ఎత్తు గుట్ట గానీ రోడ్డు మెలికలు తిరిగి నిటారుగా పోతుంది. పైన తీగల మీద కేబుల్ పెట్టెలు పోతున్నాయి, అచ్చం ఆల్ప్స్ ఫోటోల్లోలాగే. చెప్పలేదు. "ఎత్తు" అన్నాను, అంతే. రెండో మలుపుకి నా మోకాట్లో సూది దిగింది. మూడో మలుపుకి కళ్ళ ముందు చుక్కలు. అయినా సైకిలు ఎక్కుతూనే ఉంది. పోనీలే, ఎలాగో లాక్కొస్తున్నాను అనుకున్నాను.

"ఆపు నాన్నా."

"ఆపితే మళ్ళీ ఎక్కలేమమ్మా."

"ఆపు."

"ఆపుతున్నాను" అని చెప్పి ఆపాను. రోడ్డు పక్క గట్టు మీద కూర్చున్నాం. నా ఆయాసం తగ్గేదాకా ఆగింది.

"మోకాలు ఎప్పటి నుంచి?"

"నిన్న కాస్త..."

"నాన్నా."

"దసరా నుంచి."

"డాక్టరుకి చూపించలేదేం?"

"చూపిస్తే తొక్కొద్దంటాడు."

చేత్తో వెతుక్కుని నా మోకాలు పట్టుకుంది. వాచి వేడిగా ఉంది. "ఆ లోయలో రోజూ ఇలాంటి కొండలు నాలుగైదు ఉంటాయి నాన్నా. రెండో మలుపు నుంచీ ఈ సైకిలుని నేనొక్కదాన్నే ఎక్కిస్తున్నాను, నీ కాళ్ళతో సహా. తెలుసా నీకు?" అంది. తన తొడల మీద చేతులు వేసి తడిమి చూసుకుంది, అవి ఇంకెవరివో అయినట్టు. తర్వాత ఫోను తీసి శేఖర్‌ని పిలవమని దానికి చెప్పింది.

"శేఖర్, వాళ్ళకి చెప్పెయ్. వస్తున్నాను. ఒక్కదాన్నే. ముందు మనిషిని వాళ్ళనే ఇమ్మను. లేదు, నాన్న రావడం లేదు. తక్కువ మాట్లాడేవాళ్ళనిమ్మను."

నిజం చెప్పాలంటే ముందు గుండెల్లో కలుక్కుమంది. అక్కడి చలికని ఉన్ని స్వెట్టరు కూడా కొనిపెట్టుకున్నాను. ఆ లోయ ఫోటోలు చిన్ని చేత ఎన్నిసార్లు తీయించుకుని చూశానో. ఆ నొప్పి తగ్గకముందే అర్థమైంది, మా అమ్మాయి నన్ను వదిలేసి పోతానంటోంది! జూన్ నెలకి! కొండలకి! ఏడ్చేశాను. రోడ్డు పక్కన కూర్చుని, పక్కనుంచి పోయే బస్సులో వాళ్ళు చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. "మళ్ళీ మోకాలా?" అంది రమ. అవునన్నాను. మిగతా కొండ నడిచి ఎక్కాం. సైకిలు తనే తోసింది, నేను పక్కన కుంటుకుంటూ "కుడి", "ఎడమ" అన్నాను. పైన చైనీస్ అంకుల్ వ్యాను పెట్టుకుని నిలబడి, నా నడక చూసి బొటనవేలు కిందికి చూపించి నవ్వాడు.

ఒక్క సైకిలు ప్రయాణంతో మా అమ్మాయి మారిపోయిందని రాస్తే అది అబద్ధం. చూపు రాలేదు, రాదు. ఆదివారం మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు. సోమవారం నాతో మూడు మాటలు కూడా మాట్లాడలేదు. చీకటి రోజులు ముందు ఇంకా ఉన్నాయని నాకు తెలుసు. ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి, పెద్ద మాటలు రావు. కానీ ముందు కూర్చుని మా అమ్మాయిని నేను లాక్కెళ్తున్నాననుకున్నాను, వెనక నుంచి తను నన్ను కొండెక్కించింది. ఏ తండ్రికి దొరుకుతుందండీ ఇంత భాగ్యం! నిన్న రమ చిన్నిని అడిగింది, జూన్‌లో అక్కడ పొద్దు ఎన్నింటికి కుంకుతుందో చూసి చెప్పమని. రాత్రి తొమ్మిది దాటాకట. అంతసేపు వెలుగు ఉంటుందా అంది. ఉంటుందమ్మా అన్నాను, అంతే అన్నాను.

ఇక మీకు పనికొచ్చే మాట ఒకటి. టాండెమ్‌లో ముందు సీటు తీసుకునేవాళ్ళు ఒంట్లో ఏ నొప్పి ఉన్నా బయల్దేరకముందే వెనకవాళ్ళకి చెప్పేయండి. దాచి లాభం లేదు. మొదటి కిలోమీటరులోనే వాళ్ళ పాదాలకి తెలిసిపోతుంది.